వరసకు ఒక చట్టం, వయసుకు ఒక చట్టం

(హోసూరులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ వకీలుగారిని ఇక్కడ చాలామంది ఎరుగుదురు. ఆయన దగ్గరికి వచ్చే కక్షిదారులు తెలుగులో ఏడ్చి, కన్నడంలో తిట్టుకుని, తమిళంలో సంతకాలు పెట్టేవారు. పెళ్లి వ్యవహారం ఏది వచ్చినా ఆయన ముందు రెండు ప్రశ్నలు వేసేవారు. వరస ఏమిటి? వయసు ఎంత? నేను ఈరోజు మాట్లాడబోయేది కూడా ఆ రెండింటి గురించే. మన చట్టం ఏ పెళ్లిళ్లను కూడదంటోంది, కూడదన్నది చేస్తే ఏ శిక్ష వేస్తోంది, ఆ శిక్షకూ మన ఊళ్లలో జరిగేదానికీ పొంతన ఉందా అని చూద్దాం.

ఈ సభలో మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకున్నవాళ్లు చెయ్యెత్తండి అని నేను అడగను. అడిగితే చాలా చేతులు లేస్తాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం తెరిచి చూస్తే, ఆ చేతులెత్తినవాళ్ల పెళ్లిళ్లన్నీ మొదటి చూపుకు నిషిద్ధ వివాహాలే. మూడో సెక్షన్‌లో నిషిద్ధ సంబంధాల పట్టిక ఉంది. అన్నాచెల్లెళ్లు, మేనమామ మేనకోడలు, మేనత్త మేనల్లుడు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, అన్నాచెల్లెళ్ల పిల్లలు అందరూ అందులో ఉన్నారు. మనకు పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో అవుతుంది, మేనమామ కూతురు మరదలవుతుంది. ఒకరిని చేసుకోవడం ఊహకందని పాపం, ఇంకొకరిని చేసుకోకపోతే అలక. ఆ పట్టిక రాసినవారు ఇద్దరినీ ఒకే వాక్యంలో కట్టేశారు. దాని వెనక ఉత్తరాది వావివరసలు ఉన్నాయి.

అయితే దక్షిణాదిని పూర్తిగా మరిచిపోలేదు. అయిదో సెక్షన్ నాలుగో క్లాజులో ఒక తలుపు తెరిచి పెట్టారు. వధూవరులు ఇద్దరినీ నడిపించే ఆచారం ఒప్పుకుంటే ఆ పెళ్లి చెల్లుతుంది. ఆ ఒక్క వాక్యం మీద తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాల లక్షల పెళ్లిళ్లు నిలబడి ఉన్నాయి. అది లేకుంటే పదకొండో సెక్షన్ ప్రకారం అవన్నీ మొదటి నుంచీ లేనట్టే లెక్క.

ఈ తగాదా 1955లో పుట్టింది కాదు. బౌధాయన ధర్మసూత్రం దక్షిణాది వాళ్ల ప్రత్యేక అలవాట్లు అయిదింటిని చెబుతూ మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ పెళ్లాడటాన్ని వాటిలో చేర్చింది. కుమారిలభట్టు దాన్ని ఈసడించాడు. విజయనగర కాలంలో మాధవాచార్యుడు పరాశర మాధవీయంలో మేనమామ కూతురితో పెళ్లిని సమర్థిస్తూ వాదించాడు. 1868లో రామనాథపురం జమీందారీ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఒక సూత్రం స్థిరపరిచింది. ఆచారం స్పష్టంగా రుజువైతే, రాసి ఉన్న శాస్త్రం కంటే ఆచారానిదే పైచేయి. దక్షిణాది కులాల గురించి థర్‌స్టన్ రాయగా 1909లో అచ్చయిన సంపుటాల్లో కోమట్లు మొదలుకొని ఎన్నో తెలుగు కులాల దగ్గర మేనరికం ప్రస్తావన వస్తుంది. అంటే 1955లో పార్లమెంటు తెరిచి ఉంచిన తలుపుకు చాలా పాత గడప ఉంది.

ఇక శిక్ష. పద్దెనిమిదో సెక్షన్ ప్రకారం, ఆచారం లేకుండా నిషిద్ధ వరసలో పెళ్లాడితే గరిష్ఠంగా ఒక నెల సాధారణ జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. 1955లో వెయ్యి రూపాయలంటే ఎకరాల లెక్క. ఇవాళ హోసూరు పూల మార్కెట్‌లో పెళ్లి దండల జత కూడా ఆ ధరకు దొరకడం కష్టం. రూపాయి విలువ కరిగినా అంకె మారలేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ అంకె కాదు. ఆ సెక్షన్ ఎవరిని శిక్షిస్తుందో చూడండి. తమ పెళ్లిని తాము జరిపించుకున్న ఆడా మగా మాత్రమే దోషులు. సంబంధం కుదిర్చిన తాత, పట్టుబట్టిన అమ్మమ్మ, ముహూర్తం పెట్టిన అయ్యవారు, వీళ్లెవరూ ఆ సెక్షన్‌లో లేరు. పద్దెనిమిదేళ్లు నిండి నిండగానే, "అక్క ఇంటి ఆస్తి బయటికి పోకూడదు" అని మేనమామకు కట్టబెట్టిన పిల్లను ఊహించుకోండి. ఆచారం రుజువు కాకపోతే ఆ పిల్ల కూడా నేరస్థురాలే. పీటల మీద కూర్చోబెట్టినవాళ్లు సాక్షులు.

కోర్టుల్లో ఈ సెక్షన్ కింద జైలుకు పోయేవాళ్లు అరుదు. నిషిద్ధ వరస మాట సాధారణంగా ఎప్పుడు వినబడుతుందో వకీళ్లకు తెలుసు. కాపురం చెడ్డాక, భార్య మనోవర్తి అడిగాక వినబడుతుంది. "మా పెళ్లి అసలు పెళ్లే కాదు, మాకు ఆ ఆచారం లేదు" అని భర్త తరఫున ఎత్తిన వాదన అది. పెళ్లినాడు మేళం పెట్టించిన ఆచారం మనోవర్తి నాటికి మాయమవుతుంది. ఈ ఆట కొంత కట్టడైంది. చెల్లని పెళ్లిలో పుట్టిన పిల్లలు కూడా సక్రమ సంతానమేనని పదహారో సెక్షన్ చెబుతుంది. ఆ పిల్లలకు ఉమ్మడి ఆస్తిలో తల్లిదండ్రుల వాటాకు వచ్చే భాగంలో హక్కు ఉంటుందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లని పెళ్లి అయినా శాశ్వత భరణం అడగవచ్చని 2025 ఫిబ్రవరిలో మళ్లీ చెప్పింది.

ఆచారాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత ఆచారం ఉందన్నవాళ్లదే. అది చాలా కాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా నడుస్తూ ఉండాలి. ఇద్దరి పక్షాల్లోనూ ఉండాలి. మన దగ్గర మేనమామ పెళ్లికి ఈ రుజువు కష్టం కాదు, ఊరంతా సాక్ష్యమే. చిక్కు కొత్త తరంతో వస్తుంది. తల్లి హోసూరు తెలుగు, తండ్రి హిందీ మాట్లాడే ఊరివాడు, పిల్ల బెంగళూరులో పెరిగింది. ఆ పిల్లకు మేనమామ వరస ఆచారమా, నిషేధమా? ఇలాంటి ఇళ్లు సిప్‌కాట్ పారిశ్రామిక వాడ చుట్టూ ఎన్నో ఉన్నాయి.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు చేసుకుందామంటే ఇంకో ముడి. దాని పట్టికలో మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు పేరుపేరునా నిషిద్ధం. ఆచారపు మినహాయింపు 1963లో చేర్చారు గాని, ఇక్కడ ఆచారం అంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించినదే. తాతముత్తాతల అలవాటు చాలదు, సచివాలయం ముద్ర కావాలి. ఒకే జంట, ఒకే వరస. పురోహితుడి ముందు చెల్లే పెళ్లి రిజిస్ట్రారు ముందు ఆగిపోవచ్చు. అదే వీధిలో ముస్లిం కుటుంబంలో పెదనాన్న కూతురిని చేసుకున్నా చట్టానికి అభ్యంతరం లేదు.

మన పిల్లలు అమెరికా వెళ్లాక అసలు తమాషా మొదలవుతుంది. అక్కడ పెళ్లి చట్టం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో మేనత్త మేనమామ పిల్లల పెళ్లికి అడ్డు లేదు. టెక్సస్ 2005లో ఆ దారి మూసేసింది, టెన్నెసీ 2024లో మూసింది. ఆరిజోనాలో అయితే ఇద్దరికీ అరవై అయిదు నిండి ఉండాలి, లేదా పిల్లలు పుట్టరని న్యాయమూర్తికి రుజువు చూపాలి. రోడ్ ఐలండ్ యూదులకు మాత్రం వాళ్ల మతం ఒప్పుకున్న వరసల్లో పెళ్లాడే వీలిచ్చింది, మేనమామ పెళ్లి కూడా అందులోనిదే. అంటే మన అయిదో సెక్షన్‌లోని తలుపు లాంటిది అక్కడా ఒకటి ఉంది. పిల్లకు అమెరికా సంబంధం, అదీ మేనరికం, కుదిరిందని మురిసిపోయే ముందు ఏ రాష్ట్రమో ఒకసారి అడగడం మంచిది.

వైద్యుల మాట కూడా చెప్పుకోవాలి. మేనమామ పెళ్లిలో పుట్టే బిడ్డకు, ఒకే పూర్వికుడి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం ఎనిమిదో వంతు. బావామరదళ్ల పెళ్లిలో పదహారో వంతు. ఇంట్లో ఇప్పటికే ఏదైనా జబ్బు ఉంటే అది బయటపడే ప్రమాదం పెరుగుతుంది. తమిళనాడులో రక్తసంబంధంలో జరిగిన పెళ్లిళ్లు 28 శాతమని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇది పోలీసులతో తగ్గే విషయం కాదు. పెళ్లికి ముందు పరీక్ష, పెళ్లి తర్వాత సలహా, ఆడపిల్ల చదువు, వీటితో తగ్గుతుంది. నా మట్టుకు నేను పద్దెనిమిదో సెక్షన్‌ను ఇంకా కఠినం చేయమని అడగను. ఇష్టపడి చేసుకున్న పెద్దవాళ్లను వరస కారణంగా జైలుకు పంపి సాధించేదేమీ లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. వయసు ఎంత?

ఇక్కడ చట్టం నడిచిన దారి వేరు. 1929 శారదా చట్టం ఆడపిల్లకు 14, మగవాడికి 18 ఏళ్లు పెట్టింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 1949లో ఆడపిల్ల వయసు 15 అయింది, 1978లో 18, 21 అయ్యాయి. 1955 చట్టంలో వయసు తప్పిన పెళ్లికి మొదట పెట్టిన శిక్ష పదిహేను రోజుల సాధారణ జైలు, వెయ్యి రూపాయలు. వరస తప్పిన పెళ్లికి నెల, వయసు తప్పిన పెళ్లికి పక్షం! అప్పటి శాసనకర్తలకు పసిపిల్ల మెడలో తాళి కంటే వరసే పెద్ద విషయమన్నమాట. ఆ లెక్క తిరగబడటానికి అర్ధ శతాబ్దం పట్టింది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం 2007 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. దానితోపాటే హిందూ వివాహ చట్టంలోని శిక్ష కూడా రెండేళ్ల కఠిన జైలు, లక్ష రూపాయల దాకా పెరిగింది.

మొత్తం మీద కొత్త చట్టం సరైన చోట వేలు పెట్టింది. పిల్లను చేసుకున్న మగవాడు పద్దెనిమిది దాటినవాడైతే దోషి. పెళ్లి జరిపించినవాడు దోషి. ప్రోత్సహించిన, ఆపకుండా ఊరుకున్న, వచ్చి అక్షింతలు వేసిన పెద్దలూ దోషులే. ఆడవాళ్లకు జైలు లేదు, జరిమానా ఉంది. నేరం బెయిలు హక్కు లేనిది, పోలీసులు నేరుగా పట్టుకోవచ్చు. మేజిస్ట్రేటు ముందుగానే ఉత్తర్వు ఇచ్చి పెళ్లి ఆపించవచ్చు. ఆ ఉత్తర్వు మీరి కట్టిన తాళికి విలువ లేదు.

ఒక మాట నొక్కి చెప్పాలి. 2006 చట్టంలో ఆచారం అనే తలుపు లేదు. వరస విషయంలో ఆచారం పెళ్లిని నిలబెట్టగలదు, వయసు విషయంలో నిలబెట్టలేదు. "మా ఆచారం ప్రకారం అక్క కూతురి మీద నాకు హక్కుంది" అనే మేనమామ మాటలో రెండు తప్పులున్నాయి. ఆచారం ఇచ్చేది అనుమతి, హక్కు కాదు. పిల్ల వద్దంటే అక్కడితో సరి. రెండోది, పిల్లకు పద్దెనిమిది నిండకపోతే ఆ అనుమతి ప్రశ్నే రాదు. మన వైపు పెద్దమనిషి అయిన రోజు నుంచే మేనమామ పేరు పక్కన పిల్ల పేరు చెప్పే అలవాటు ఇంకా పోలేదు. ఆ రోజున పచ్చాకుల గుడిసె వేసిన చేత్తోనే తాళి కట్టబోతారు.

ఇక మన సరిహద్దు సంగతి. కృష్ణగిరి జిల్లాకు ఒక పక్క కర్ణాటక, ఒక పక్క ఆంధ్రప్రదేశ్. హోసూరు నుంచి అత్తిబెలె దాటితే కర్ణాటక, వేపనపల్లి మీదుగా పోతే కుప్పం. కేంద్ర చట్టం ఒకటే అయినా రాష్ట్రాల సవరణలు వేరు. తమిళనాడులోనూ ఆంధ్రలోనూ బాల్యవివాహం జరిగిపోతే అది రద్దు చేయించుకోదగ్గ పెళ్లి మాత్రమే. చిన్నతనంలో పెళ్లయినవారే అడగాలి, పద్దెనిమిది దాటిన రెండేళ్లలోపు కోర్టుకు పోవాలి. అడగకపోతే ఆ పెళ్లి నిలిచిపోతుంది. కర్ణాటక తన సవరణతో దాన్ని మొదటి నుంచీ చెల్లని పెళ్లి చేసింది, పిల్ల కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. అన్ని రాష్ట్రాలూ కర్ణాటక దారి పట్టడం మంచిదని 2017లో సుప్రీంకోర్టు సూచించింది. తమిళనాడు ఇంకా ఆ దారి పట్టలేదు. పట్టాలని నా కోరిక. తళిలోనో బాగలూరులోనో జరిగితే నిలిచే పెళ్లి, ఆనేకల్‌లో జరిగితే గాలికి పోయే పెళ్లి కావడం న్యాయంగా లేదు.

2025 మార్చిలో అంచెట్టి కొండల మీద జరిగినది మీ అందరి ఫోన్లలోకీ వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్లను బెంగళూరు తీసుకుపోయి ఇరవై తొమ్మిదేళ్లవాడికి కట్టబెట్టారు. ఊరికి తిరిగొచ్చిన పిల్ల కాపురానికి పోనని మొండికేసింది. ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుపోతుంటే ఎవరో ఫోనులో తీశారు. ఆ వీడియో వల్ల డెంకణికోట మహిళా పోలీసు స్టేషన్‌లో కేసు నమోదైంది, పెళ్లికొడుకూ బంధువులూ అరెస్టయ్యారు. తమిళనాడు పిల్లకు కర్ణాటకలో పెళ్లి చేశారంటే సరిహద్దు దాటడం తెలిసినవాళ్లే. వాళ్లకు తెలియనిది మరొకటి. ఇలాంటి కేసు ఇప్పుడు బాల్యవివాహ చట్టంతో ఆగదు. పద్దెనిమిది లోపు భార్యతో కాపురం కూడా అత్యాచారమేనని సుప్రీంకోర్టు అదే 2017 తీర్పులో చెప్పింది. పిల్లలపై లైంగిక నేరాలకు శిక్ష వేసే పోక్సో చట్టంలో 2019 సవరణ తర్వాత తీవ్ర నేరానికి కనీస శిక్ష ఇరవై ఏళ్లు. వెయ్యి రూపాయల నుంచి ఇరవై ఏళ్ల దాకా, అదే తాళికి చట్టం వేసే వెల అంత దూరం సాగుతుంది. మధ్యలో తేడా తెచ్చేది ఆ పిల్ల వయసూ, ఆమె ఇష్టమూ.

మూడో రకం నిషేధం ఒకటుంది. అది కులానిది, ఏ చట్టంలోనూ లేదు. ఒకే గోత్రంవాళ్లు పెళ్లాడటానికి 1946లోనే చట్టం అడ్డు తీసేసింది. వేర్వేరు కులాల హిందువుల పెళ్లికి 1949 చట్టం పూర్తి చెల్లుబాటు ఇచ్చింది. అంతకుముందు పరిస్థితి ఏమిటో హోసూరు పక్కన తొరపళ్లిలో పుట్టిన రాజాజీకి స్వయంగా తెలుసు. 1933 జూన్‌లో ఆయన కూతురు లక్ష్మి, గాంధీగారి కొడుకు దేవదాసు పూనాలో పెళ్లి చేసుకున్నారు. బ్రాహ్మణ వధువు, వైశ్య వరుడు. ప్రతిలోమ వివాహం కాబట్టి ఆనాటి హిందూ న్యాయం దృష్టిలో అది చెల్లుతుందా అన్నదే సందేహం. తండ్రులిద్దరూ అంతటి పెద్దలైనా ఆ జంటను కొన్నేళ్లు ఆగమన్నారు.

ఇప్పుడు చట్టానికి అభ్యంతరం లేదు సరికదా, తమిళనాడు ప్రభుత్వం డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట కులాంతర జంటలకు నగదూ ఎనిమిది గ్రాముల బంగారమూ ఇస్తోంది. ఊరికి అభ్యంతరం ఉంది. 2018 నవంబరులో హోసూరు దగ్గరి ఒక ఊరి యువదంపతుల శవాలు కర్ణాటకలో కావేరి నదిలో దొరికాయి. కులాలు వేరు కావడమే వాళ్లు చేసిన తప్పు, చంపించింది అమ్మాయి తరఫువాళ్లేనని కేసు. ఇద్దరు వయోజనుల పెళ్లి మధ్య కుల పంచాయతీలు తలదూర్చడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది అదే ఏడాది మార్చి 27న. ఆ శవాలు దొరికేనాటికి ఎనిమిది నెలలైనా నిండలేదు. చట్టం నిషేధించిన మేనమామ పెళ్లికి వెయ్యి రూపాయలు, అదీ ఎవరూ కట్టరు. చట్టం దీవించిన పెళ్లికి మరణశిక్ష, దాన్ని అమలు చేసేది కన్నవాళ్లు. వరస తప్పిన పెళ్లి కన్నా కులం తప్పిన పెళ్లిని ఇంత ఘోరంగా చూసే సమాజం, చట్టం ఎంత మారినా తాను మారిందని నేను ఒప్పుకోను.

కాబట్టి చట్టసభలకు నా విన్నపం రెండే. హిందూ వివాహ చట్టం పద్దెనిమిదో సెక్షన్‌లో వరస మాట కొట్టేసి, బలవంతం మాట రాయండి. పిల్ల ఏ వయసుదైనా, ఏ వరసదైనా, ఆమె ఇష్టం లేకుండా పీటల మీద కూర్చోబెట్టినవాళ్లను శిక్షించండి. ఎత్తుకుపోయి పెళ్లి చేసేవాళ్లకు భారతీయ న్యాయ సంహిత 87వ సెక్షన్‌లో పదేళ్ల దాకా శిక్ష ఉంది గాని, ఇంట్లోనే తలుపు మూసి ఒప్పించేవాళ్లకు సరిపడేది లేదు. రెండోది, తమిళనాడు ప్రభుత్వం కర్ణాటక లాగే బాల్యవివాహాన్ని చెల్లనిదిగా ప్రకటించాలి.

సభలో కల్యాణ మండపాల యజమానులు ఉన్నారు, పురోహితులు ఉన్నారు, వంటవాళ్లూ ఫోటోగ్రాఫర్లూ ఉన్నారు. బాల్యవివాహ చట్టం పదో సెక్షన్, పదకొండో సెక్షన్ మీ గురించి కూడా. మండపం బుక్ చేసుకునేటప్పుడే వధువు బడి సర్టిఫికెట్ అడగండి. చూపించకపోతే అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి, జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికి చెప్పండి. రాత్రి పూటైనా సరే, 1098కి ఫోను చేయండి.